అమెరికాలో ఆర్‌ఎన్ లైసెన్స్: తెచ్చుకోవడం, నిలబెట్టుకోవడం

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) లైసెన్స్ కోసం రాసే పరీక్ష ఎన్‌క్లెక్స్. అది ఎలా పాసవ్వాలో చెప్పేవాళ్లకు యూట్యూబ్‌లో కొదవ లేదు. లైసెన్స్ వచ్చేదాకా నడిచే మిగతా తతంగం గురించి చెప్పేవాళ్లే తక్కువ. నాకు ఫోన్ చేసే జూనియర్లు కూడా "అక్కా, ఏ క్వశ్చన్ బ్యాంక్ కొనమంటావు?" అనే మొదలుపెడతారు. నేను మాత్రం పాస్‌పోర్ట్ మొదటి పేజీ, పదో తరగతి మెమో, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపమంటాను. చదువు ఎలాగూ చదువుతారు. ఆ మూడు కాగితాల్లో పేరు ఒకేలా లేకపోతే మాత్రం నెలలు పోతాయి.

నేను గుంటూరు జిల్లాలో బీఎస్సీ నర్సింగ్ చదివి, పెళ్లయ్యాక హెచ్‌4 మీద, అంటే భర్త వర్క్ వీసాను బట్టి వచ్చే డిపెండెంట్ వీసా మీద, టెక్సస్‌లోని డాలస్ వచ్చాను. ఇప్పుడు టెలిమెట్రీ ఫ్లోర్‌లో (రోగుల గుండె లయను మానిటర్ మీద గమనిస్తూ ఉండే వార్డు) నైట్ షిఫ్టులు చేస్తున్నాను. అందుకే ఇందులో టెక్సస్ సంగతులు కాస్త ఎక్కువ కనిపిస్తాయి. వేరే రాష్ట్రాలవి నాకు తెలిసినంతవరకు మధ్యమధ్యలో చెబుతాను.

ముందు రాష్ట్రం తేల్చుకోండి

అమెరికా మొత్తానికి కలిపి ఒక నర్సింగ్ లైసెన్స్ ఉండదు. పరీక్ష దేశమంతా ఒకటే, లైసెన్స్ ఇచ్చేది మాత్రం రాష్ట్రం. ప్రతి రాష్ట్రానికీ సొంత నర్సింగ్ బోర్డు, సొంత ఫారాలు, సొంత పట్టింపులు. కాబట్టి ఏ రాష్ట్రానికి అప్లై చేస్తున్నామో తేలకుండా సర్టిఫికెట్ల కోసం పరుగులు పెట్టకండి. మన చదువును పరిశీలించి ఇచ్చే రిపోర్ట్ ఒకచోట సరిపోయినది ఇంకోచోట సరిపోకపోవచ్చు.

హెచ్‌4 మీద ఉండి, ఇంకా వర్క్ పర్మిట్ రానివాళ్లకు మొదట తగిలే గోడ సోషల్ సెక్యూరిటీ నంబర్. అది లేకపోయినా న్యూయార్క్ అప్లికేషన్ తీసుకుంటుంది. మనవాళ్లలో చాలామంది న్యూయార్క్ ఎప్పుడూ చూడకుండానే ఆ రాష్ట్రపు లైసెన్స్ తెచ్చుకోవడానికి కారణం అదే. కాలిఫోర్నియా సోషల్ సెక్యూరిటీ నంబర్ గానీ ట్యాక్స్ కోసం ఇచ్చే ఐటిన్ నంబర్ గానీ అడుగుతుంది. ఇంకో చిక్కు కూడా అక్కడ ఉంది. ఒక సబ్జెక్టు థియరీ, దాని క్లినికల్ పోస్టింగ్ ఒకే కాలంలో జరిగాయా అని చూస్తారు. మన కాలేజీల్లో మొదటి ఏడాది పాఠం చెప్పి, రెండో ఏడాది పోస్టింగ్ వేసిన సందర్భాలు కోకొల్లలు. అలాంటివి ఉంటే ఆ సబ్జెక్టులు ఇక్కడ మళ్లీ చేయమంటారు. మీరు కాలిఫోర్నియాలోనే ఉండక తప్పని పరిస్థితి అయితే తప్ప, మొదటి లైసెన్స్ అక్కడ తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. లైసెన్స్ వేరు, పని చేసే అనుమతి వేరు. ఆర్‌ఎన్ నంబర్ వచ్చినంత మాత్రాన హెచ్‌4 మీద ఉద్యోగం చేయడానికి లేదు. ఈఏడీ కార్డు, అంటే వర్క్ పర్మిట్, రావాల్సిందే. ఆ కార్డు వచ్చేలోపు లైసెన్స్ పని పూర్తి చేసిపెట్టుకుంటే మాత్రం చాలా కాలం కలిసొస్తుంది.

పేర్ల గొడవ

ఇది మన తెలుగువాళ్ల సొంత ఆస్తి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం ముందు, తర్వాత పేరు. నర్సింగ్ డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా. పాస్‌పోర్ట్‌లో పేరు రెండు ముక్కలై, ఒకటి 'గివెన్ నేమ్'లో, ఒకటి 'సర్‌నేమ్'లో. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారింటి పేరు. ఇక పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ల పాట్లు చూడాలి. వీసాలో వాళ్ల పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. హాస్పిటల్ బ్యాడ్జీ మీద కూడా ఎఫ్‌ఎన్‌యూ అని వేసుకు తిరిగిన అమ్మాయిని నేను చూశాను.

మనం "ఆ మాత్రం తెలియదా, ఇద్దరూ ఒకరే కదా" అనుకుంటాం. ఇక్కడ ఫైలు చూసేవాళ్లకు ఇంటిపేరు ముందు రావడమే వింత. ఒక అక్షరం తేడా ఉన్నా వేరే మనిషి కింద లెక్క. 2023 జనవరిలో ఆపరేషన్ నైటింగేల్ అనే కేసు బయటపడింది. ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ల పేరు మీద 7,600కు పైగా దొంగ డిప్లొమాలు అమ్మారని తేలింది. ఆ తర్వాత సర్టిఫికెట్ల విషయంలో అనుమానం ఇంకా పెరిగిందే గానీ తగ్గలేదు.

చేయాల్సింది ఇది. ముందు పాస్‌పోర్ట్ సరిచేసుకోండి, ఎందుకంటే పరీక్ష హాల్లో చూపించేది అదే. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే నింపించుకోండి. ఆ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే, అదే వరుసలో, అదే స్పెల్లింగ్‌తో ప్రతి అప్లికేషనూ నింపండి. పాత సర్టిఫికెట్లలో వేరేలా ఉంటే, ఆ పేర్లన్నీ 'ఇతర పేర్లు' అని అడిగే గడిలో ఒక్కటీ వదలకుండా రాయండి. పెళ్లి వల్ల మారితే మ్యారేజ్ సర్టిఫికెట్, పొడి అక్షరాల వల్ల అయితే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి. పుట్టిన తేదీ, కోర్సులో చేరిన నెల, పూర్తయిన నెల కూడా అన్నిటిలో కలవాలి. కాలేజీ వాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆగస్టు అని, కౌన్సిల్ వాళ్లు సెప్టెంబరు అని రాస్తే దానికో ఉత్తరం వస్తుంది.

ట్రాన్‌స్క్రిప్ట్ కవరు

ఇండియాలో చదివినవాళ్ల చదువు ఇక్కడి ఆర్‌ఎన్ కోర్సుకు సరితూగుతుందా అని చాలా రాష్ట్రాలు ఒక బయటి సంస్థతో చూపించుకోమంటాయి. వాటిలో పాతది సీజీఎఫ్‌ఎన్‌ఎస్. 1977 నుంచి ఉంది, ఇప్పుడు ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. టెక్సస్‌కు ప్రతి సబ్జెక్టునూ విడిగా చూపించే క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ రిపోర్ట్ కావాలి. న్యూయార్క్‌కు వాళ్ల దగ్గరే వేరే రకం ఉంది, దాన్ని సీవీఎస్ అంటారు. రెండూ ఒకటి కావు. ఒకదానికి బదులు ఇంకోదానికి డబ్బు కట్టారంటే అంతే సంగతులు. వీసాస్క్రీన్ అనేది ఇంకోటి. నర్సు ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకు వచ్చేవాళ్లకు అది కావాలి, రాష్ట్ర లైసెన్స్‌తో దానికి సంబంధం లేదు.

రిపోర్ట్ చేసేవాళ్లు మీ చేతి నుంచి మార్కుల జాబితా తీసుకోరు. కాలేజీ గానీ యూనివర్సిటీ గానీ నేరుగా పంపాలి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ కూడా కౌన్సిల్ నుంచే రావాలి. మన ఆఫీసుల్లో ఈ పని ఎవరి టేబుల్ మీదకు వెళ్తుందో తెలుసుకోవడమే సగం పని. కాలేజీకి ఎవరినైనా పంపేటప్పుడు, అమ్మానాన్నలైనా తమ్ముడైనా, ఖాళీ ఫారం ప్రింట్లు ఒకటికి రెండు, పెద్ద సైజు బలమైన కవర్లు, నింపి చూపించే నమూనా కాపీ ఒకటి ఇచ్చి పంపండి. ఆ నమూనా ఉంటే క్లర్కు గారు చూసి దించేస్తారు. లేకపోతే "రేపు రండి" అంటారు.

ట్రాన్‌స్క్రిప్ట్‌లో మార్కుల కంటే గంటలు ముఖ్యం. పెద్దల నర్సింగ్, ప్రసూతి, పిల్లలు, మానసిక ఆరోగ్యం, ఈ నాలుగు విభాగాల్లో థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అని విడివిడిగా ఉండాలి. 'సైకియాట్రిక్ నర్సింగ్: పాస్' అని ఒక్క ముక్క రాసి పంపిన ట్రాన్‌స్క్రిప్ట్ తిరిగొచ్చి తీరుతుంది. జీఎన్‌ఎం (డిగ్రీ కాకుండా నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ప్రతి పేజీ మీద సీలు, సంతకం పడాలి. కవరు అంటించాక మూత అతుకు మీద సగం ఇటు సగం అటు పడేలా ఇంకో సీలు. మా కాలేజీలో ఆ సీలు ప్రిన్సిపల్ మేడమ్ బీరువాలో ఉండేది, మేడమ్ సెలవులో ఉంటే బీరువా కూడా సెలవే. ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మంచిది.

కొరియర్ ట్రాకింగ్ నంబర్ దాచుకోండి. చేరిన వారం పది రోజులకు ఆన్‌లైన్ ఖాతాలో 'రిసీవ్డ్' అని మారిందో లేదో చూడండి. మారకపోతే ఊరికే ఎదురుచూడకుండా ఆ నంబర్ రాసి మెసేజ్ పెట్టండి.

అప్లికేషన్, వేలిముద్రలు

రిపోర్ట్ నడుస్తుండగానే బోర్డు అప్లికేషన్ వేయొచ్చు. టెక్సస్‌లో అంతా నర్స్ పోర్టల్ ద్వారానే. ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కూడా ఇవ్వాలి. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి కాగితాలు కదలకముందే ఆ పరీక్ష రాసి కూర్చోవద్దు. కాలేజీ నుంచి కవరు బయలుదేరాక రాయండి.

అప్లికేషన్‌లో నేర చరిత్ర గురించి, మానసిక ఆరోగ్యం గురించి, మత్తు పదార్థాల గురించి ప్రశ్నలు ఉంటాయి. ఏదైనా ఉంటే దాచొద్దు. ఎప్పుడో స్టోర్‌లో బిల్లింగ్ తేడా వచ్చి పోలీసు కేసయింది, తర్వాత కొట్టేశారు, అయినా వేలిముద్రల్లో అది కనబడుతుంది. కేసు కంటే దాచడమే పెద్ద తప్పు అవుతుంది. కోర్టు కాగితాలు జతచేసి, జరిగింది నాలుగు వాక్యాల్లో రాస్తే చాలాసార్లు దాటిపోతుంది.

వేలిముద్రలు టెక్సస్‌లో ఐడెంటోగో సెంటర్‌లో ఇవ్వాలి. అవి రాష్ట్ర పోలీసు విభాగానికీ ఎఫ్‌బీఐకీ వెళ్తాయి. నర్సులకు ఇక్కడో సొంత సమస్య ఉంది. రోజంతా చేతులు కడిగి, శానిటైజర్ రాసి రాసి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. మెషిన్ మీద వేలు పెడితే బూడిద రంగు మచ్చ తప్ప ఏమీ పడదు. వెళ్లే ముందు కొన్ని రోజులు రాత్రిపూట చేతులకు క్రీమ్ రాయండి. వెళ్లే రోజు ఉదయం మాత్రం ఏమీ రాయొద్దు, జారిపోతుంది.

టెక్సస్‌లో జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష అని ఇంకోటి ఉంది. రాష్ట్ర నర్సింగ్ చట్టం మీద ఆన్‌లైన్‌లో, ఇంట్లో కూర్చుని, పుస్తకం చూసి రాసేదే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని అంటాను, పరీక్ష కష్టమని కాదు. ఇక్కడ నర్సుకు ఉన్న బాధ్యత ఎంతో మనకు మొదటిసారి తెలిసేది అందులోనే. డాక్టర్ రాసిన ఆర్డర్ రోగికి హాని చేస్తుందనిపిస్తే దాన్ని ప్రశ్నించాల్సిన బాధ్యత మనదేనని, "డాక్టర్ గారు చెప్పారు" అనేది జవాబు కాదని అక్కడ చట్టంలోనే ఉంటుంది.

ఏటీటీ, పరీక్ష

బోర్డుకు అప్లై చేయడంతో పాటు పరీక్ష నిర్వహించే సంస్థ పియర్సన్ వీయూఈలో ఎన్‌క్లెక్స్‌కు విడిగా రిజిస్టర్ అవ్వాలి. ఫీజు 200 డాలర్లు. హైదరాబాద్‌లో రాయాలంటే అంతర్జాతీయ సెంటర్ ఫీజు ఇంకో 150 డాలర్లు, దాని మీద పన్ను. బోర్డు మీరు అర్హులని చెప్పాకే ఏటీటీ ఈమెయిల్, అంటే పరీక్ష రాయడానికి అనుమతి, వస్తుంది. అందులో ఉన్న గడువు లోపలే పరీక్ష రాయాలి. గడువు పొడిగించరు. దాటితే మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ డబ్బు. చదవడం పూర్తయ్యాక డేట్ తీసుకుందామని ఆగొద్దు. ఏటీటీ వచ్చిన రోజే తేదీ తీసుకోండి, అవసరమైతే తర్వాత మార్చుకోవచ్చు. ఆ ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉండటం కూడా మామూలే.

పరీక్ష 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూపంలో ఉంది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, సమయం ఐదు గంటలు. మీ స్థాయి పాస్ గీతకు పైన ఉందో కింద ఉందో కంప్యూటర్‌కు 95 శాతం నమ్మకం కుదిరితే ఆపేస్తుంది. కాబట్టి 85 దగ్గర ఆగితే పాస్ అనీ, 150 దాకా వెళ్తే ఫెయిల్ అనీ లెక్కలు వేసుకోవద్దు. ఒకే రోగి గురించి ఆరు ప్రశ్నలు వచ్చే కేస్ స్టడీలు మూడు తప్పకుండా ఉంటాయి. వాటిలో కొంత కరెక్ట్‌గా చేసినా కొన్ని మార్కులు వస్తాయి.

మన ట్రైనింగ్ అడ్డం పడే చోటు ఒకటుంది. రోగికి ఊపిరి ఆడటం లేదంటే మన చేయి మొదట ఫోన్ మీదకు వెళ్తుంది, డాక్టర్ గారికి చెప్పడానికి. ఎన్‌క్లెక్స్‌లో ఆ ఆప్షన్ ఎప్పుడూ ఊరిస్తూ ఉంటుంది. ముందు మీరేం చూడాలి, మీ చేతిలో ఉన్న పని ఏంటి అన్నదే అక్కడ లెక్క. మంచం తల వైపు ఎత్తాలా, ఆక్సిజన్ పెట్టాలా, శాచురేషన్ చూడాలా? అవన్నీ అయ్యాకే ఫోన్. రెండోది, పని అప్పగించడం. ఏ పని నర్సింగ్ అసిస్టెంట్‌కు ఇవ్వొచ్చు, ఏది ఎల్‌పీఎన్‌కు (ఆర్‌ఎన్ కంటే కింది స్థాయి లైసెన్స్ ఉన్న నర్సు), ఏది ఆర్‌ఎన్ తప్ప ఎవరూ చేయకూడదు అనే ప్రశ్నలు దండిగా వస్తాయి. మన దగ్గర ఆ విభజనే లేదు కాబట్టి వీటిని విడిగా కూర్చుని చేయాలి. మందులకు జెనరిక్ పేర్లే ఇస్తారు. మనం పారాసిటమాల్ అనేది అక్కడ అసిటమినోఫెన్, అడ్రినలిన్ అనేది ఎపినెఫ్రిన్. క్వశ్చన్ బ్యాంక్ యూవరల్డ్ కొన్నా ఆర్చర్ కొన్నా ఫర్వాలేదు. కొన్నది పూర్తిగా చేసి, తప్పయిన ప్రతి ప్రశ్న వెనక ఉన్న వివరణ చదివితే చాలు. నాలుగు కొని నాలుగూ సగం సగం చేసేవాళ్లే ఎక్కువ.

పరీక్ష రోజు అరగంట ముందే వెళ్లండి. పాస్‌పోర్ట్ చూస్తారు, ఫొటో తీస్తారు, అరచేతిని స్కానర్ మీద పెట్టమంటారు. అది రక్తనాళాల తీరును చదువుతుంది. బ్రేక్‌కు వెళ్లి వచ్చిన ప్రతిసారీ మళ్లీ పెట్టాలి. గాజులు, వాచీ, ఫోన్ అన్నీ లాకర్‌లోకి. లోపల తుడిచి రాసుకునే బోర్డు ఒకటి, పెన్ను ఒకటి ఇస్తారు. రెండు గంటల తర్వాత ఒకసారి, మూడున్నర గంటల తర్వాత ఇంకోసారి కంప్యూటర్ బ్రేక్ కావాలా అని అడుగుతుంది. ఆ సమయం ఐదు గంటల్లోంచే పోతుంది, అయినా తీసుకోండి. రెండున్నర గంటలు కదలకుండా కూర్చుంటే చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంటారు.

ఫలితం రెండు పనిదినాల తర్వాత 7.95 డాలర్లు కడితే చాలా రాష్ట్రాల్లో కనబడుతుంది. ఈలోపు 'పియర్సన్ ట్రిక్' అని మళ్లీ రిజిస్టర్ అవడానికి ప్రయత్నించి, అది ఒప్పుకోకపోతే పాసైనట్టు అనుకునే ఆచారం ఒకటి మనవాళ్లలో బాగా నడుస్తోంది. అది తప్పు చెప్పిన సందర్భాలున్నాయి, పైగా కార్డులోంచి 200 డాలర్లు ఎగిరిపోవచ్చు. టెన్షన్ ఎలాగూ ఉంటుంది, దానికి డబ్బు కూడా కట్టడం ఎందుకు? ఫెయిలైతే ఏ విభాగంలో గీతకు పైన ఉన్నారో, ఏ విభాగంలో కిందున్నారో చూపించే రిపోర్ట్ వస్తుంది. దాన్ని పట్టుకుని చదవండి. 45 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు.

లైసెన్స్ వచ్చింది, ఎక్కడెక్కడ పని చేస్తుంది?

టెక్సస్‌లో చేతికి అందమైన సర్టిఫికెట్ ఏమీ రాదు. బోర్డు వెబ్‌సైట్‌లో మీ పేరు పక్కన నంబర్ కనబడుతుంది, అంతే. హాస్పిటల్ వాళ్లు కూడా అక్కడే చూస్తారు.

ఒకరి నర్సింగ్ లైసెన్స్‌ను ఒకరు ఒప్పుకునేలా కొన్ని రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందాన్ని కాంపాక్ట్ అంటారు. సొంత రాష్ట్రం అందులో ఉంటే మల్టీస్టేట్ లైసెన్స్ వస్తుంది. అది ఉంటే కాంపాక్ట్‌లోని 40కి పైగా రాష్ట్రాల్లో పని చేయొచ్చు. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరోలినా అందులో ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్ లేవు. మల్టీస్టేట్‌కు సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండి తీరాలి, మీరు నిజంగా నివసించే రాష్ట్రం నుంచే తీసుకోవాలి. డ్రైవింగ్ లైసెన్స్, ట్యాక్స్ రిటర్న్ మీద ఉన్న అడ్రస్ చూస్తారు. ఒక కాంపాక్ట్ రాష్ట్రం నుంచి ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి ఇల్లు మారితే 60 రోజుల్లోపు కొత్త రాష్ట్రానికి అప్లై చేయాలి. భర్త ప్రాజెక్టు మారితే సామాన్లు సర్దుకుని వెళ్లిపోయే కుటుంబాలు మనవి. ఆ హడావుడిలో ముందు మర్చిపోయేది ఇదే.

న్యూయార్క్ లైసెన్స్ ఉన్నవాళ్లు ఈఏడీ వచ్చాక తామున్న రాష్ట్రానికి ఎండార్స్‌మెంట్ ద్వారా మార్చుకుంటారు. పరీక్ష మళ్లీ రాయక్కర్లేదు. నర్సు లైసెన్సుల వివరాలు ఉండే నర్సిస్ వెబ్‌సైట్‌లో 30 డాలర్లు కడితే పాత లైసెన్స్ ధ్రువీకరణ కొత్త బోర్డుకు చేరుతుంది. కాకపోతే కొన్ని రాష్ట్రాలు క్రెడెన్షియల్ రిపోర్ట్ మళ్లీ అడుగుతాయి. ఇంకో చిక్కు, పని మానేసిన కాలం. టెక్సస్‌లో నాలుగేళ్ల లెక్క ఉంది. పరీక్ష పాసై నాలుగేళ్లు దాటిపోయి, ఈలోపు నర్సుగా పని చేయకపోతే రిఫ్రెషర్ కోర్సు చేయమంటారు. పిల్లలు పుట్టి, వర్క్ పర్మిట్ ఆలస్యమై ఇంట్లో ఉండిపోయిన అమ్మాయిలకు ఆ నాలుగేళ్లు ఇట్టే గడిచిపోతాయి. తేదీ రాసిపెట్టుకోండి.

రెన్యూవల్

టెక్సస్‌లో రెండేళ్లకోసారి, మీరు పుట్టిన నెల చివరి రోజుకు గడువు. పుట్టిన సంవత్సరం సరి సంఖ్య అయితే సరి సంవత్సరాల్లో, బేసి అయితే బేసి సంవత్సరాల్లో. లైసెన్స్ ఎప్పుడు వచ్చినా ఈ లెక్కే. అందుకే కొందరికి మొదటి రెన్యూవల్ రెండేళ్లు కాకముందే వచ్చి పడుతుంది.

రెండేళ్లలో 20 కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ గంటలు చేయాలి, మీరు పని చేసే విభాగానికి సంబంధించినవి. పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకు మొదటి రెన్యూవల్‌లో ఈ 20 గంటల మినహాయింపు ఉంది. హాస్పిటల్‌లో ఓరియెంటేషన్, యూనిట్‌లో కొత్త పంపు వాడటం నేర్పిన క్లాసు, రెండేళ్లకోసారి చేసే బీఎల్‌ఎస్ (గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే ప్రాథమిక శిక్షణ), ఇవేవీ లెక్కలోకి రావు. దాని పై స్థాయి ఏసీఎల్‌ఎస్‌కు ఎన్ని గంటల చదువో చూపే కాంటాక్ట్ అవర్స్ సర్టిఫికెట్ ఇస్తే అది లెక్కలోకి వస్తుంది. రోగులను నేరుగా చూసుకునేవాళ్లు మనుషుల అక్రమ రవాణా మీద రాష్ట్రం ఆమోదించిన కోర్సు కూడా చేయాలి. చట్టం, నీతి నియమాల మీద రెండు గంటల కోర్సు ప్రతి మూడో రెన్యూవల్ లోపు ఉండాలి. కోర్సు కొనే ముందు సర్టిఫికెట్ మీద ఏఎన్‌సీసీ (నర్సింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉంటుందో లేదో చూడండి. మీ హాస్పిటల్ ఉచితంగా ఇచ్చే కోర్సుల్లో గుర్తింపు ఉన్నవి చాలానే ఉంటాయి, ముందు అవి పూర్తి చేయండి.

రెన్యూవల్ చేసేటప్పుడు సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయమనరు, పూర్తి చేశానని టిక్ పెట్టించుకుంటారు. తర్వాత ఆడిట్‌కు ఎంపిక చేస్తే అన్నీ చూపించాలి. టెక్సస్‌లో మూడు రెన్యూవల్స్ పాటు దాచమంటారు. నేను కోర్సు అయిపోయిన వెంటనే పీడీఎఫ్‌ను తేదీతో పేరు పెట్టి ఫోన్‌లోంచే డ్రైవ్‌లోకి పంపేస్తాను. హాస్పిటల్ లెర్నింగ్ అకౌంట్‌లోనే ఉంది కదా అని వదిలేయకండి. ఉద్యోగం మానేసిన రోజే ఆ లాగిన్ కూడా పోతుంది.

మిగతా రాష్ట్రాల తీరు రకరకాలు. కాలిఫోర్నియాలో రెండేళ్లకు 30 గంటలు, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో కూడా 30. ఇల్లినాయ్‌లో 20. న్యూయార్క్‌లో లైసెన్స్ జీవితాంతం ఉంటుంది, మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ మాత్రం కట్టుకోవాలి. నాలుగేళ్లకోసారి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కోర్సు తప్పనిసరి. అరిజోనాలో నాలుగేళ్లకోసారి రెన్యూవల్. కోర్సుల గంటల బదులు ఐదేళ్లలో 960 గంటలు పని చేశారా అని చూస్తారు.

గడువు దాటిన మర్నాడు పనిలోకి వెళ్లడానికి లేదు, ఒక్క షిఫ్ట్ కూడా. "రెన్యూవల్ సబ్‌మిట్ చేశాను, ఇంకా అప్‌డేట్ కాలేదు" అంటే షిఫ్ట్ చూసుకునే ఛార్జ్ నర్సు కూడా ఏమీ చేయలేరు, షెడ్యూల్ నుంచి తీసేస్తారు. నర్సిస్‌లో ఈ-నోటిఫై అని ఉచిత సేవ ఉంది. అందులో చేరితే గడువు గుర్తుచేస్తూ ఈమెయిల్ వస్తుంది. ఇల్లు మారితే టెక్సస్ బోర్డుకు 10 రోజుల్లో కొత్త అడ్రస్ చెప్పాలి. సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో ఇండియా వెళ్లే నెల, మీ పుట్టిన నెల ఒకటే అయితే విమానం ఎక్కకముందే రెన్యూవల్ చేసేయండి. అక్కడ ఇక్కడి ఫోన్ నంబర్‌కు ఓటీపీ రాక, కార్డు పేమెంట్ ఆగిపోయి చాలామంది అవస్థ పడ్డారు.

మీ లైసెన్స్ సస్పెండ్ అయింది, వెంటనే డబ్బు పంపకపోతే అరెస్ట్ అని బోర్డు పేరుతోనో ఎఫ్‌బీఐ పేరుతోనో ఫోన్ వస్తే పెట్టేయండి. బోర్డు నంబరే స్క్రీన్ మీద కనబడినా సరే. ఏ బోర్డూ ఫోన్‌లో డబ్బు అడగదు. అనుమానం ఉంటే వెబ్‌సైట్‌లో మీ పేరు కొట్టి చూసుకోండి, లైసెన్స్ యాక్టివ్‌గా ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

కొన్నేళ్లు పని చేయమని తెలిస్తే, అత్తమామల కోసం ఇండియా వెళ్లిపోతున్నా, చిన్నపిల్లలతో ఇంట్లో ఉంటున్నా, లైసెన్స్‌ను ఊరికే గడువు దాటనివ్వకుండా ఇనాక్టివ్ చేయమని బోర్డుకు రాయండి. ఆలస్య రుసుములు పడవు. టెక్సస్‌లో నాలుగేళ్లలోపు వెనక్కి వస్తే 20 గంటల కోర్సులు చూపించి, ఫీజు కట్టి మళ్లీ యాక్టివ్ చేయించుకోవచ్చు.